వైరస్ చేసిందా, కణం చేసిందా, నేను చేశానా

ఉదయం ల్యాబ్‌కు రాగానే ఇంక్యుబేటర్ తలుపు తీసి నేను మొదట చూసేది కణాలను కాదు, అవి మునిగి ఉన్న ద్రవం రంగును. కణాలను పెంచే మీడియంలో ఫినాల్ రెడ్ అనే రంగు పదార్థం కొద్దిగా కలిపి ఉంటుంది. మీడియం బాగున్నంతకాలం అది ఎర్రగా ఉండి, ఆమ్లం పెరిగేకొద్దీ నారింజ రంగుకు, ఆపైన పసుపుకు తిరుగుతుంది. ఒకే రోజున, ఒకే తరం కణాలను సమానంగా పంచి వేసిన రెండు ఫ్లాస్కులు అరలో పక్కపక్కన ఉంటాయి. ఒకదానిలో వైరస్ కలిపి రెండు రోజులవుతుంది, రెండోదానిలో వైరస్ లేని ఉత్త మీడియం మాత్రమే మార్చి ఉంటాను. రెండోది ఇంకా ఎర్రగానే ఉండగా మొదటిది పసుపు తిరిగి కనిపిస్తుంది. మైక్రోస్కోప్ కింద పెట్టి లెక్కిస్తే కణాల సంఖ్యలో పెద్ద తేడా ఉండదు. అన్నే కణాలు, అదే మీడియం, అంతే సమయం. అయినా ఒక ఫ్లాస్కులోని కణాలు గ్లూకోజ్‌ను ఆబగా లాక్కుని లాక్టిక్ ఆమ్లాన్ని బయటికి వదులుతున్నాయన్నమాట.

వైరస్ సోకిన మానవ కణంలో జీవక్రియ ఎలా మారుతుందన్నది నా పీహెచ్‌డీ అంశం. ఇది నాకు నాలుగో ఏడు. ఈ నాలుగేళ్లలో నేను నేర్చుకున్నదంతా ఆ పసుపు రంగును చూసి తొందరపడి అర్థం చెప్పకుండా ఉండడమే అని ఒక్కోసారి అనిపిస్తుంది.

మా అక్క కొడుకు ఒకసారి నన్ను "పిన్నీ, వైరస్‌కి ఆకలేస్తుందా?" అని అడిగాడు. సెమినార్లలో నన్ను అడిగిన ప్రశ్నల్లో చాలావాటికంటే ఇది మంచి ప్రశ్న. వైరస్‌కు ఆకలి లేదు. ఒక జన్యు పోగు, దానిమీద ప్రొటీన్ తొడుగు, కొన్నింటికి ఆపైన ఒక కొవ్వు పొర, అంతే దాని ఆస్తి. శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా లేవు, ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు లేవు. కణం బయట ఉన్నంతసేపూ అది ఏదీ తినదు, ఏదీ విసర్జించదు. కానీ కణంలోకి చేరాక ఒక్క వైరస్ నుంచి వందలు, వేలు తయారుకావాలంటే వాటి జన్యువులకు న్యూక్లియోటైడ్లు, తొడుగులకు అమైనో ఆమ్లాలు, పొరలకు కొవ్వు ఆమ్లాలు, వీటన్నింటినీ అతికించడానికి శక్తినిచ్చే ఏటీపీ, ఆ కణం దగ్గర నుంచే రావాలి. కాబట్టి ఆకలి వైరస్‌ది కాదు, వైరస్ సోకిన కణానిది. నేను పిల్లవాడికి అలాగే చెప్పాను. "మరి కణానికి ఆకలి ఎవరు పుట్టించారు?" అన్నాడు. నా థీసిస్ సరిగ్గా ఆ ప్రశ్న మీదే ఆగి ఉంది.

వైరస్ కణాన్ని హైజాక్ చేస్తుందని పత్రికలు రాస్తాయి, పాఠ్యపుస్తకాలు రాస్తాయి, నా మొదటి ఏడాది నివేదికలో నేనూ రాశాను. ఇప్పుడు ఆ మాట వాడాలంటే చేయి ఆగుతుంది. ప్రశ్న అడగకముందే అది జవాబు చెప్పేస్తుంది. కణంలో కనబడిన ప్రతి మార్పునూ వైరస్ ఖాతాలో జమ చేసి, కణాన్ని చేతులు కట్టుకుని కూర్చున్న బందీగా చూపిస్తుంది. కణం అంత అమాయకురాలు కాదు.

ఈ రంగం కొత్తదని చాలామంది అనుకుంటారు గానీ, 1956లోనే హ్యారీ ఈగిల్, కార్ల్ హేబెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు హీలా అనే మానవ క్యాన్సర్ కణాల్లో పోలియో వైరస్ పెరగాలంటే మీడియంలో ఏమేమి ఉండాలో ఒక్కొక్కటిగా తీసివేసి చూశారు. గ్లూకోజ్, గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం లేకపోతే వైరస్ దిగుబడి పడిపోయింది. కణాలను పెంచేవాళ్లందరికీ ఈగిల్ మీడియం పేరుతో తెలిసిన ఆ ఈగిల్ ఈయనే. అంతకు ముందే, 1920లలో, ఒట్టో వార్‌బర్గ్ క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ అందుబాటులో ఉన్నా గ్లూకోజ్‌ను లాక్టిక్ ఆమ్లంగా మార్చి పారేస్తాయని గమనించాడు. వైరస్ సోకిన కణాల్లోనూ అదే పోలిక కనిపించింది. ఆ తర్వాత అందరి చూపూ జన్యువుల మీదికి మళ్లి, జీవక్రియ అంటే గోడమీద వేలాడదీసే పటం అన్నట్టుగా మిగిలిపోయింది. అణువుల బరువును బట్టి వాటిని గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్లు ఒకే నమూనాలో వందలాది చిన్న అణువులను కొలవగలిగే స్థాయికి వచ్చాక, 2000ల మధ్య నుంచి, ఆ పటం దుమ్ము దులిపారు. అప్పట్లో లోతుగా పరిశీలించిన వైరస్‌లలో మొదటి వరసలో ఉన్నది నేను పనిచేస్తున్న సైటోమెగలో వైరస్.

ఇది హెర్పిస్ కుటుంబానికి చెందినది. ప్రపంచంలో పెద్దవాళ్లలో సగానికి పైగా మందికి ఎప్పుడో ఒకప్పుడు సోకి, ఎక్కువమందిలో ఏ లక్షణమూ చూపకుండా ఒంట్లోనే దాగి ఉండిపోతుంది. గర్భిణి నుంచి బిడ్డకు సోకినప్పుడూ, అవయవ మార్పిడి జరిగి రోగనిరోధక శక్తిని మందులతో అణచి ఉంచినవారిలోనూ మాత్రం ఇది ప్రమాదకారి. పుట్టుకతో వచ్చే వినికిడి లోపానికి కారణమయ్యే ఇన్‌ఫెక్షన్లలో దీనిదే పెద్ద వాటా. దీని జన్యు పోగులో సుమారు 2,35,000 అక్షరాలు ఉంటాయి, మనుషులకు సోకే వైరస్‌లలో ఇది చాలా పెద్దది. పేరులోని సైటోమెగలో అనే మాటకు పెద్ద కణం అని అర్థం. నిజంగానే సోకిన ఫైబ్రోబ్లాస్ట్ కణం (చర్మం వంటి కణజాలాల్లో ఉండే రకం) ఉబ్బి, గుండ్రంగా తేలి, దాని కేంద్రకం మధ్యలో ఒక చిక్కటి మచ్చ, చుట్టూ తేలికపాటి వలయంతో, గుడ్లగూబ కన్నులా మనవైపే చూస్తున్నట్టు ఉంటుంది. ఒక చక్రం పూర్తి కావడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. అందుకే నా సెలవులన్నీ వైరస్ గడియారాన్ని బట్టి ఉంటాయి.

దీని దగ్గరి చుట్టం, పెదవుల మీద పొక్కులు తెప్పించే హెర్పిస్ సింప్లెక్స్, అదే పనిని దాదాపు ఒక్క రోజులో ముగిస్తుంది. రెండింటినీ ఒకే రకం కణాల్లో పెట్టి పోల్చిన ఫలితాలు 2011లో వచ్చాయి. ఒకే కుటుంబం కాబట్టి రెండూ కణాన్ని ఒకేలా మారుస్తాయని ఎవరైనా ఊహిస్తారు. తీరా చూస్తే, సైటోమెగలో సోకిన కణంలో కార్బన్ కొవ్వు ఆమ్లాల తయారీ వైపు ప్రవహించింది, సింప్లెక్స్ సోకిన కణంలో పిరిమిడిన్ న్యూక్లియోటైడ్ల వైపు ప్రవహించింది. సింప్లెక్స్‌కు తొందరెక్కువ కాబట్టి ముందు డీఎన్ఏ సరుకు చూసుకుంటుందని, సైటోమెగలోకు తీరిక ఉంది కాబట్టి పొరలను కట్టుకుంటుందని ఒక వివరణ చెబుతారు. వినడానికి బాగుంది గానీ, నాకు మాత్రం ఇది ఫలితం వచ్చాక అల్లిన కథలాగే తోస్తుంది.

కార్బన్ ప్రవహించింది అని ఇంత ధీమాగా ఎలా చెప్పగలుగుతున్నామో కొంచెం వివరించాలి, ఎందుకంటే ఈ పనిలో నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం అదే. ఒక పదార్థం ఎంత ఉందో కొలిస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. చెరువులో నీటిమట్టం చూసి ఏ కాలువ పారుతోందో చెప్పలేనట్టే. అందుకని మామూలు గ్లూకోజ్‌కు బదులు, ఆరు కార్బన్లలో ప్రతిదీ ఒక న్యూట్రాన్ బరువెక్కువగా ఉండే కార్బన్-13 గ్లూకోజ్‌ను కణాలకు పెడతాం. అది రేడియోధార్మికం కాదు, కణానికి తేడా తెలియదు, మాస్ స్పెక్ట్రోమీటర్‌కు మాత్రం తెలుస్తుంది. ఆరు కార్బన్ల గ్లూకోజ్ రెండుగా విరిగి మూడేసి కార్బన్ల పైరువేట్ అవుతుంది. అందులో ఒకటి కార్బన్ డయాక్సైడ్‌గా పోగా మిగిలిన రెండు బరువు కార్బన్లు మైటోకాండ్రియాలో సిట్రేట్‌లో చేరతాయి. కాబట్టి రెండు అంకెలు బరువెక్కిన సిట్రేట్ కనిపిస్తే అది గ్లూకోజ్ దారిలో వచ్చిందని అర్థం. గ్లూకోజ్‌ను మామూలుగా ఉంచి గ్లూటమిన్‌కు ఈ బరువు తొడిగితే, నాలుగు అంకెలు బరువెక్కిన సిట్రేట్ గ్లూటమిన్ సంగతి చెబుతుంది.

ఇలా చూసినప్పుడే సైటోమెగలో సోకిన కణం గుట్టు బయటపడింది. మామూలుగా సిట్రేట్ మైటోకాండ్రియాలోనే చక్రం తిరుగుతూ శక్తి ఉత్పత్తికి తోడ్పడుతుంది. సోకిన కణంలో ఆ సిట్రేట్ పెద్ద మొత్తంలో మైటోకాండ్రియా దాటి బయటికి వచ్చి, తెగి, కొవ్వు ఆమ్లాలకు ముడిసరుకు అవుతుంది. మరి చక్రంలో నుంచి ఇంత సరుకు బయటికి లాగేస్తే చక్రం ఆగిపోవాలి కదా? ఆగదు, ఎందుకంటే గ్లూటమిన్ పక్క ద్వారం గుండా వచ్చి ఆ లోటును పూడుస్తుంది. గ్లూటమిన్ తీసేస్తే సోకిన కణంలో ఏటీపీ పడిపోతుంది, వైరస్ దిగుబడీ పడిపోతుంది. గ్లూటమిన్‌కు బదులు దాని తర్వాతి మెట్లలో ఒకటైన ఆల్ఫా కీటోగ్లూటరేట్‌ను అందించినా పని మళ్లీ నడుస్తుంది. ఇన్ని ముక్కలు ఇంత చక్కగా అతికే చోటు నా థీసిస్‌లో ఇంకొకటి లేదు, ఇదీ నేను కనిపెట్టింది కాదు.

ఇక అసలు చిక్కు. ఈ మార్పును వైరసే చేయించిందని చెప్పడానికి సాక్ష్యం ఏమిటి? కణం కూడా వైరస్‌ను పసిగట్టగానే తన జీవక్రియను మార్చుకుంటుంది. వైరస్ వచ్చిందని కణాలు ఒకదానికొకటి పంపుకునే ఇంటర్‌ఫెరాన్ సంకేతం అందగానే వైపెరిన్ అనే ఎంజైమ్ తయారవుతుంది. అది కణంలో ఆర్ఎన్ఏ ఇటుకల్లో ఒకటైన సీటీపీని కొద్దిగా మార్చి, కొన్ని వైరస్‌ల ఆర్ఎన్ఏ తయారీని మధ్యలో తెంపేసే నకిలీ ఇటుకగా చేస్తుందని 2018లో తేలింది. సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్ కణాల్లో సామ్‌హెచ్‌డీ1 అనే ప్రొటీన్ డీఎన్ఏ ఇటుకలనే విరగ్గొట్టి, హెచ్ఐవీకి సరుకు దొరకకుండా చేస్తుంది. తన సొంత నిల్వలను తానే తగలబెట్టుకుని శత్రువును పస్తు పెట్టడమన్నమాట. ఈ ప్రొటీన్ సంగతి తెలియని రోజుల్లో ఎవరైనా ఆ కణాల్లో డీఎన్ఏ ఇటుకలు కొలిచి, తక్కువగా ఉన్నాయని చూసి, వైరస్ తినేసిందని రాసి ఉంటే తప్పుపట్టగలమా?

అందుకే ఈ రంగంలో నేను నమ్మే ఫలితాలన్నీ ఒకే రకంగా ఉంటాయి: వైరస్‌లో ఏ ప్రొటీన్ ఈ పని చేస్తుందో పేరుపెట్టి చూపించినవి. అడినోవైరస్‌లో ఈ4ఓఆర్ఎఫ్1 అనే చిన్న ప్రొటీన్ కణంలోని మిక్ అనే నియంత్రకాన్ని పట్టుకుని గ్లూకోజ్ వాడకాన్ని పెంచుతుంది. ఆ పట్టు జారేలా ఒక్క అమైనో ఆమ్లాన్ని మారిస్తే వైరస్ సోకినా గ్లూకోజ్ వాడకంలో ఆ పెరుగుదల కనిపించదు. సైటోమెగలోలో యూఎల్38 ప్రొటీన్ కణంలో కళ్లెంలా పనిచేసే టీఎస్‌సీ2ను అడ్డుకుంటుంది. వైరస్ అసలు లేని కణాల్లో ఈ ఒక్క ప్రొటీన్‌నే తయారుచేయించినా గ్లూకోజ్, గ్లూటమిన్ వాడకం పెరుగుతుంది. తీసేస్తే పోవాలి, ఒంటరిగా పెడితే రావాలి. ఈ రెండూ చూపించేవరకూ నేను కారణం అనే మాట రాయను.

ఈ పట్టుదల పుట్టుకతో వచ్చింది కాదు, ఒక దెబ్బతో వచ్చింది. రెండో ఏడాదిలో నాకొక అద్భుతమైన ఫలితం వచ్చింది. సోకిన కణాల్లో గ్లూకోజ్ విరిగే దారిలోని తొలి మెట్ల పదార్థాలు, ఫాస్ఫేట్ అతికిన చక్కెరలు, బాగా తగ్గిపోయి కనిపించాయి. వైరస్ ఆ దారిని అంత వేగంగా నడిపిస్తోంది కాబట్టి మధ్యలో ఏదీ నిలవడం లేదని నేను అర్థం చెప్పుకున్నాను. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే వచ్చింది. బొమ్మలు గీశాను, పేపర్ మొదటి ప్రతి సగం రాశాను. మా గైడ్ గారు ఆ బొమ్మను చాలాసేపు చూసి, "ప్లేట్లు ఏ వరసలో తీశావమ్మా?" అని మాత్రం అడిగారు.

ఆ ప్రశ్న ఎందుకు అడిగారో అర్థం కావాలంటే ప్లేట్లు తీసే పని ఎలా ఉంటుందో చెప్పాలి. కణంలో ఈ పదార్థాలు కొన్ని సెకన్లలోనే పుట్టి మరో రూపంలోకి మారిపోతుంటాయి. కాబట్టి కొలవాలంటే కణాన్ని ఉన్నపళంగా స్తంభింపజేయాలి. ఇంక్యుబేటర్ నుంచి ప్లేటు బయటికి తీసి, మీడియం పీల్చేసి, ఒక్కసారి కడిగి, మైనస్ 80 డిగ్రీల దగ్గర చల్లబరిచిన మిథనాల్ పోస్తాం. ఆ క్షణంలో ఎంజైములన్నీ ఆగిపోతాయి. నేను ఆరు ప్లేట్లను ఒకేసారి బయటికి తెచ్చి, అన్నింటి మీడియం తీసేసి, ఉప్పునీటి ద్రావణం పోసి, తర్వాత ఒక్కొక్కదానికీ మిథనాల్ పోసేదాన్ని. ముందు వైరస్ లేని మూడు, తర్వాత సోకిన మూడు. వైరస్ ఉన్నవాటిని చివర ముట్టుకోవడం కల్చర్ గదిలో మంచి అలవాటు, వైరస్ శుభ్రమైన ప్లేట్లకు అంటదు. నేనూ ఆ అలవాటునే పాటించాను. ఫలితంగా సోకిన ప్లేట్లు గ్లూకోజ్ లేని ఉప్పునీటిలో, బల్లమీద, నాలుగైదు నిమిషాలు ఎదురుచూశాయి. గ్లూకోజ్ అందని కణంలో తొలి మెట్ల చక్కెరలు ఖాళీ కాక ఏమవుతాయి?

నేను వరస తిరగేసి మళ్లీ చేశాను. ఈసారి వైరస్ లేని కణాల్లో ఆ పదార్థాలు తగ్గాయి. నాలుగు నెలల పని. ఆ రోజు సాయంత్రం డీప్ ఫ్రీజర్‌లో నుంచి పాత నమూనాల పెట్టెలు తీసి పారేస్తుంటే నాకు ఏడుపు రాలేదు, ఒక రకమైన సిగ్గు కలిగింది. మూడుసార్లు ఒకే ఫలితం రావడాన్ని నేను సత్యానికి గుర్తు అనుకున్నాను. అది నా అలవాటుకు గుర్తు.

ఇంకో పొరపాటు దీని పక్కనే దాక్కుని ఉంది. సోకిన కణం ఉబ్బుతుందని పైన చెప్పాను. కొలిచిన పదార్థాన్ని కణాల సంఖ్యతో భాగిస్తే ఒక జవాబు, మొత్తం ప్రొటీన్‌తో భాగిస్తే ఇంకో జవాబు వస్తుంది. ఉబ్బిన కణంలో ప్రొటీన్ కూడా ఎక్కువే కాబట్టి, కణానికి ఇంత అని చెబితే పెరిగిన పదార్థం, ప్రొటీన్‌కు ఇంత అని చెబితే మారనట్టు కనిపించవచ్చు. ఇప్పుడు నేను రెండు లెక్కలూ ఇస్తాను, రెండింటిలోనూ నిలబడినదాన్నే నోరెత్తి చెబుతాను.

ఆ తర్వాత నా అనుమానం మీడియం మీదికి పాకింది. మేం రోజూ వాడే డీఎంఈఎం మీడియంలో ఎక్కువ గ్లూకోజ్ రకంలో లీటరుకు 4.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. ఆరోగ్యవంతుడి రక్తంలో పరగడుపున ఉండేది దాదాపు 1 గ్రాము. అంత సమృద్ధిలో మునిగి ఉన్న కణం గురించి చెప్పిన మాట శరీరంలోని కణానికి ఎంతవరకు వర్తిస్తుంది? 2017లో రక్తంలోని ప్లాస్మాను పోలిన మీడియం ఒకటి వచ్చింది. అందులో యూరిక్ ఆమ్లం కూడా మనిషి రక్తంలో ఉన్నంత ఉండడంతో, అది పిరిమిడిన్ తయారీలోని ఒక ఎంజైమును అణచివేస్తుందని తెలిసింది. ఏళ్ల తరబడి అందరూ వాడిన మీడియంలో ఆ యూరిక్ ఆమ్లమే లేదు. నేను ఇప్పుడు కీలకమైన ప్రయోగాలను రెండు మీడియంలలోనూ చేస్తున్నాను. ఖర్చు ఎక్కువ, పని రెట్టింపు, కానీ తేడాలు కనిపిస్తున్నాయి.

నా పని గురించి విన్నవాళ్లు తప్పక అడిగే ప్రశ్న మందు గురించి. కొందరైతే, చక్కెర మానేస్తే వైరస్ చస్తుందా అని కూడా అడుగుతారు. చావదు. ఆహారంలో చక్కెర మానేసినా కాలేయం రక్తంలో గ్లూకోజ్‌ను నిలబెడుతూనే ఉంటుంది. కణం జీవక్రియను మందుతో అడ్డుకుంటే వైరస్ ఆగుతుందా అన్నది మాత్రం న్యాయమైన ప్రశ్న. ఫ్లాస్కులో ఆగుతుంది. పిరిమిడిన్ తయారీలోని డీహెచ్ఓడీహెచ్ ఎంజైమును అడ్డుకునే మందులు ఫ్లాస్కులో ఎన్నో వైరస్‌లను పడగొట్టాయి. జంతువుల్లో మాత్రం చాలాసార్లు నిరాశపరిచాయి. రక్తంలో పిరిమిడిన్ రకానికే చెందిన యూరిడిన్ ఎప్పుడూ కొంత ఉంటుంది, కణం దాన్ని లోపలికి తీసుకుని ఆ లోటును పూడ్చుకుంటుంది. గ్లూకోజ్ వేషంలో కణంలోకి దూరి, మొదటి మెట్టు దాటాక ముందుకు కదలక దారికి అడ్డంపడే 2-డీఆక్సీ గ్లూకోజ్‌కు 2021 మేలో భారతదేశంలో కోవిడ్ చికిత్సలో అత్యవసర వినియోగానికి అనుమతి లభించింది. ఆ మందు ఆలోచన నా రంగం నుంచి వచ్చిందే అయినా, దాని గురించి అప్పుడు జరిగిన హడావిడి సాక్ష్యానికి మించినదని నా అభిప్రాయం.

హెర్పిస్ మీద గెలిచిన మందు వేరే దారిలో వచ్చింది. సింప్లెక్స్ వైరస్ థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమును తనతోనే తెచ్చుకుంటుంది. అసైక్లోవిర్ అనే మందుకు మొదటి ఫాస్ఫేట్ తగిలించేది ఆ ఎంజైమే, మన కణాలు ఆ పని దాదాపు చేయలేవు. అంటే వైరస్ లేని కణంలో మందు నిద్రపోతుంది, ఉన్న కణంలో లేస్తుంది. ఆ మందు తయారైన ప్రయోగశాలను నడిపిన గెర్‌ట్రూడ్ ఎలియన్ 1988 నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఒకరు. జీవక్రియలో ఏ మెట్టు వైరస్‌దో, ఏ మెట్టు కణానిదో విడదీసి చూడడం ఎందుకని ఎవరైనా అడిగితే నేను ఈ మందు పేరే చెబుతాను.

ప్రస్తుతం నా ముందున్నది అతినీలలోహిత కాంతితో చంపిన వైరస్. అది కణానికి అతుక్కుంటుంది, లోపలికీ వెళుతుంది, కానీ తన జన్యువులను చదివించుకోలేదు. సజీవ వైరస్‌తో కనిపించి దీనితో కనిపించని మార్పు వైరస్ ప్రొటీన్లదో, వైరస్ పెరుగుదలదో అయి ఉండాలి. రెండింటితోనూ కనిపిస్తే కణం తనకు తానుగా స్పందించిందని మొగ్గు చూపవచ్చు. గత వారం తొలి విడత ప్లేట్లలో లాక్టిక్ ఆమ్లం పెరుగుదల సజీవ వైరస్‌తోనే వచ్చింది. కానీ ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం తగ్గడం చచ్చిన వైరస్‌తోనూ వచ్చింది. ఇంటర్‌ఫెరాన్ అందిన కణం ట్రిప్టోఫాన్‌ను విరగ్గొడుతుందన్నది పాత సంగతే కాబట్టి ఇది కణం పనే కావచ్చు. మొదటి ఏడాది నివేదికలో దాన్ని నేను వైరస్ ఖాతాలోనే రాశాను.

రేపు రెండో విడత. మొత్తం 12 ప్లేట్లు. ఏది ముందు తీయాలో నేను నిర్ణయించలేదు. 12 చీటీలు రాసి, పక్క బల్లమీద కూర్చునే జూనియర్ చేత తీయించి, వచ్చిన వరసను ఇంక్యుబేటర్ తలుపుకు అంటించాను. ఈసారి ఒక్కొక్క ప్లేటునే బయటికి తెస్తాను, కడగడానికి పది సెకన్లు, ఆ వెంటనే మిథనాల్. మొదటి చీటీలో సోకిన ప్లేటు వచ్చింది, రెండోదీ సోకినదే, మూడోది చచ్చిన వైరస్.